తలకిందుల ముక్క

బావమరిది తన గిడ్డంగిలోకే వచ్చి పడతాడని అతను కల్లో కూడా అనుకోలేదు.

నేలలోకి బోరు దింపి బయటికి లాగిన రాతికడ్డీలు దాచే చోటది. రోకలిబండల్లా గుండ్రంగా ఉండే వాటిని అక్కడ అందరూ కోర్లంటారు. భూమిలో ఉన్న వరస తప్పకుండా పొడవాటి పెట్టెల్లో పేర్చి ఉంచుతారు. ఆ పెట్టెలు దించడం, కోర్లు కడగడం, మళ్ళీ పైకెక్కించడం అతని పని. ఎనిమిదో తరగతిలోనే బడికో దణ్ణం పెట్టేసిన మనిషికి ఆ పెట్టెల మధ్యే జుట్టు నెరిసింది. ఇప్పుడు భూగర్భశాస్త్రంలో పీహెచ్‌డీ చేసేవాళ్ళకి కోర్లు చదవడంలో, అంటే పొరలు చూసి ఏది ఎలా పేరుకుందో చెప్పడంలో, ప్రత్యేక శిక్షణట. ఆఖరి పరీక్షలో మెప్పించిన ఒక్కరికి, సముద్రం అడుగున బోరు వేసే ఓడలో చోటట. వచ్చినవాళ్ళలో భార్య తమ్ముడూ ఉన్నాడు.

"మావాడు రాయి చూసి, అది ఏ ఏట్లో కొట్టుకొచ్చిందో చెప్పేస్తాడండీ!" అని ఇంట్లో ఆవిడ ఒకటే మురిసిపోవడం.

"పెట్టె మోస్తే నడుం ఎక్కడ పట్టేస్తుందో నేనూ చెప్తాను. విను."

"మీకన్నీ వెటకారాలే."

గిడ్డంగిలోనూ అదే వరస. ఇన్నేళ్ళలో అతన్ని కాఫీ తాగావా అని అడగని పైఅధికారి ప్రొఫెసరమ్మ, ఆ కుర్రాడి మాట వినడానికి కుర్చీ దగ్గరికి లాక్కుంటోంది. గేటు దగ్గర వాచ్‌మన్ పళ్ళికిలించాడు. "మీ బావమరిదటగా? బొత్తిగా పోలికే లేదే!"

"నా భార్య తమ్ముడికి నా పోలికెందుకొస్తుందయ్యా?" అని కసిరాడు గానీ, ఆ మాట రోజంతా పంట్లో ఇరుక్కున్న పీచులా సలిపింది.

పరీక్ష రోజు పొద్దున కడుగుతుంటే ఒక ముక్క చేతిలోంచి జారింది. పైవైపు గుర్తుగా గీసిన బాణం ఎప్పుడో అరిగిపోయింది. హడావిడిగా తీసి పెట్టెలో సర్దేశాడు. బావమరిది వచ్చి సరిగ్గా ఆ పెట్టె ముందే నిలబడ్డాక చూసుకున్నాడు. ముక్క తలకిందులుగా ఉంది. నీళ్ళలో బరువైన ముతక ఇసుక ముందు అడుక్కి దిగి, సన్నది దాని మీద పేరుకుంటుంది. మిగతా ముక్కలన్నీ అలాగే ఉన్నాయి. ఇదొక్కటే తిరగబడింది.

పిలిచి చెప్పొచ్చు. కానీ కిందటేడు రెండు ముక్కలు తారుమారు చేసినందుకు, "ఇంకోసారైతే నిన్ను గేటు బయటికి పంపేస్తాను" అని ప్రొఫెసరమ్మ గట్టిగానే అంది. అయినా నోరు పెగలకపోవడానికి కారణం అదొక్కటే కాదు. పడనీ. ఒక్కసారి బోర్లా పడనీ. వీడి అక్కగారి నోట ఆ మురిపెం ఒక్క పూట ఆగనీ.

కుర్రాడు పైనుంచి గడగడా చదువుకుంటూ వచ్చి, ఆ ముక్క దగ్గర ఆగాడు. ముట్టుకోకూడదన్నది నియమం. వంగి రెండు కొసల విరుపులూ చూశాడు. పక్క ముక్కలతో అతకడం లేదు. తలెత్తి బావ వంక ఒక్క క్షణం చూశాడు.

"ఇక్కడ నాకు తెలియడం లేదు మేడమ్."

"తెలియకపోవడమేమిటి? ముతక ఎటుంది, సన్నం ఎటుంది?"

"చెప్పలేను మేడమ్."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రొఫెసరమ్మ మొహం చిన్నబుచ్చుకుని తరవాతివాణ్ణి పిలిచింది.

అతనికి ఒళ్ళు మండిపోయింది. వీడికి తెలిసిపోయింది. తెలిసి, బావ కొలువు పోతుందని నోరు మూసుకున్నాడు. ఓడనే వదిలేసుకుంటున్నాడు, అదీ తన మీద జాలితో! చదువులో ఎటూ అందడు, ఇక మంచితనంలోనూ వీడి కిందే బతకాలా?

"ఆ ముక్క తిరగేసి పెట్టింది నేనండీ," అన్నాడు బిగ్గరగా. "పొద్దున చెయ్యి జారింది. ఈయనగారికి తెలుసు. నాకోసం దాచాడు."

ప్రొఫెసరమ్మ కుర్రాడి వైపు తిరిగింది. "నిజమేనా?"

వాడు తల దించుకున్నాడు. ఆ తల దించుకోవడం కూడా అందరికీ ముద్దొచ్చింది.

ఓడ వాడికి ఖాయమైంది. గిడ్డంగి తాళాలు అతని దగ్గర్నుంచి తీసేసుకున్నారు. బయట మెట్ల మీద బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "ఎందుకు చెప్పారు బావా? నేనెలాగో సర్దుకునేవాణ్ణి కదా!"

"అందుకే చెప్పాను. నువ్వు సర్దుకుంటే నాకు అరగదురా."

వాడు నవ్వేశాడు. అది జోకనుకున్నాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య గుమ్మంలోనే ఉంది, కళ్ళు చెమర్చి. "మీరెంత మంచివారండీ! ఉద్యోగం సంగతి కూడా చూసుకోకుండా వాడి కోసం నిలబడ్డారట."

"ఎవరు చెప్పారు?"

"తమ్ముడే. ఫోన్లో ఏడ్చేశాడు."

చెప్పులు విడిచి మూలకి తోశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళకి పెళ్ళాం నోటి నుంచి ఒక్క మంచిమాట రాలింది. అదీ వాడు పంపిస్తేనే.