సరిత మేడమ్ పెట్టని సంతకం

రాఘవేందర్ సారు ఇంట్ల కురుమయ్య మేస్త్రికి కుర్చీ వేసింది ఒక్కనాడే. ఆనాడు ఆ ఇంటోళ్ళకు అతనితోని పని పడ్డది.

అశోక్‌నగర్‌ల సారుది పాత ఇల్లు. జోడు పనోడు మాసయ్యతోని కలిసి దాని మీద ఒక అంతస్తు లేపింది కురుమయ్యే. స్లాబ్ పడ్డది, గోడలకు పూత అయిపోవచ్చింది. దాని మీద ఇంకో అంతస్తు లేపుతమని, అది కూడా నీకే ఇస్తనని సారు మాటిచ్చిండు. పని మొదలైన కాడి నుంచి మేస్త్రికి చాయ స్టీలు గ్లాసుల వచ్చేది, మెట్ల మీద పెట్టి పోయేటోళ్ళు. ఆనాడు సారు భార్య మనోరమమ్మ కప్పు, సాసరు పట్టుకొని తానే వచ్చింది.

"కూసో కురుమయ్యా, నిలబడ్డవేంది?" అన్నడు సారు. కాచిగూడల కాగితాల హోల్‌సేల్ దుకాణం ఆయనది. బేరం తెల్సిన మనిషి, మాట తియ్యగనే ఉంటది. "నారాయణగూడ కాలేజీల సరిత అని ఒక మేడమ్ ఉన్నదంట. నీ బిడ్డేనా?"

"ఔ సారు."

"అరె, ఇన్ని రోజులు చెప్పకపోతివి!"

ఎవరన్న అడిగితే కదా చెప్పేది, అనుకున్నడు కురుమయ్య. లుంగీకి సున్నం ఉన్నది. కుర్చీ అంచు మీద కూసున్నడు.

సంగతి ఇది. సారు కొడుకు రాజీవ్ ఆ కాలేజీలనే ఎం.బి.ఏ. చదువుతున్నడు. చదువుతున్నడని ఇంట్ల అనుకుంటున్నరు. పిలగాని హాజరు సగం కూడా లేదు. హాజరు లేకుంటే హాల్ టికెట్ రాదు. జ్వరమొచ్చి రాలేదనో, ఏదో ఒకటి రాసి అడ్వైజర్ మేడమ్ సంతకం పెడితే వస్తది. ఆ మేడమ్ సరితనే, పెడ్తలేదు.

"ఒక్క సంతకం. కన్నతండ్రివి, నీ మాట తీసేస్తదా?" అన్నడు సారు. "నువ్వు ఇది చేసి పెట్టు. పైఅంతస్తు సంగతి నేను చూసుకుంట."

మాట తియ్యగనే ఉన్నది. అందులున్న ముల్లు కురుమయ్యకు గుచ్చుకున్నది.

కురుమయ్యది పాలమూరు జిల్లా. అయిదో తరగతిల ఉండంగ పలక పక్కకు పెట్టిచ్చి నెత్తి మీద తట్ట పెట్టిన్రు. ఆ కోపం ఇంకా చల్లారలేదు. ఎవని మీద చూపాల్నో తెల్వక అందరి మీద చూపుతడు. సదువుకున్నోడు కనిపిస్తే నొసలు ముడుచుకుంటడు. ఒక్క సరిత విషయంల మాత్రం ఆ నొసలు సాపయితది. స్కాలర్‌షిప్ మీద, హాస్టళ్ళల్ల ఉండి, ఇంగ్లీషుల ఎం.బి.ఏ. పాసయింది. ఆ కాలేజోళ్ళే పిలిచి అడ్వైజర్ కొలువిచ్చిన్రు. బయటి దేశాల్ల ఉంటదంట గసుంటి కొలువు.

"పంతులమ్మనా?" అని అడిగేటోళ్ళు తోటి మేస్త్రీలు.

"కాదురా. పంతులు పాఠం చెప్తడు. ఎవడు ఏ పాఠం సదవాల్నో నా బిడ్డ చెప్తది. పెద్ద పెద్దోళ్ళ పిల్లలు ఆమె గది ముంగట బల్ల మీద లైన్ల కూసుంటరు."

ఆ బల్లను కురుమయ్య ఎన్నడూ చూడలేదు. బిడ్డకు నామోషీ అయితదని కాలేజీ గడప తొక్కలేదు.

తెల్లారి తొక్కిండు. ఇస్త్రీ అంగీ వేసుకొని, చిక్కడపల్లి మార్కెట్ల నుంచి నడుచుకుంట పోయిండు. గేటు కాడ ప్యూన్ ఆపిండు. "నల్లా రిపేరుకా? వెనక నుంచి పో."

"సరిత మేడమ్‌ను కలవాలె."

ప్యూన్ కింది నుంచి మీది దాక చూసిండు. "లైన్ల కూసో అయితే," అని గది దాక తోలుకపోయి తలుపు కాడ నిలబడ్డడు.

బల్ల ఉన్నది. లైను కూడా ఉన్నది. చెప్పుకున్నది అబద్ధం కాలేదని కురుమయ్యకు ఛాతీ ఉబ్బింది. సెంటు కొట్టుకున్న పిలగాండ్ల నడుమ చేతులు ఒళ్ళె పెట్టుకొని కూసున్నడు. తలుపు ఓరగ తెరిచి ఉన్నది. లోపల ఒక పిల్ల ఏడుపు గొంతుతోని మాట్లాడుతున్నది.

"అందరు ఫైనాన్స్ తీసుకుంటున్నరు మేడమ్. నేను కూడా తీసుకుంట."

"లెక్కలంటే నీకు ఇష్టమా, అనూహ్యా?" అది సరిత గొంతు. ఇంట్ల అంత నిదానంగ ఎన్నడూ మాట్లాడలేదు.

"ఇష్టమని కాదు మేడమ్. మార్కెటింగ్ అయితే నలుగురి ముంగట లేచి మాట్లాడాలె. నాతోని కాదు."

"మొన్న క్యాంటీన్‌ల సమోసా చల్లగున్నదని వానితోని కొట్లాడింది నువ్వే కదా? మంచిగనే మాట్లాడినవ్." బల్ల మీది పిలగాండ్లు కిసుక్కున నవ్విన్రు. "చూడు, ఇష్టపడి ఫైనాన్స్ తీసుకో, ఇప్పుడే సంతకం పెడ్త. భయపడి తీసుకుంటనంటే మాత్రం పెట్ట. రెండు దినాలు ఆలోచించి రా."

ఆ పిల్ల కండ్లు తుడుచుకుంట, నవ్వుకుంట బయటికొచ్చింది. కురుమయ్యకు లేచి పోవాలనిపించింది. తాను వచ్చింది భయపడే కదా. అంతల ప్యూన్ "నువ్వు పో" అన్నడు.

సరిత తలెత్తి చూసి గబుక్కున లేచి నిలబడ్డది. "నాయినా! గిట్లొచ్చినవేంది? అమ్మ మంచిగున్నదా?"

"మంచిగనే ఉన్నది."

"కూసో." తలుపు కాడున్న ప్యూన్‌ను పిలిచింది. "అన్నా, రెండు చాయ్‌లు. మా నాయినకు చక్కెర ఎక్కువ."

ప్యూన్ మొఖం చూడాలె. కురుమయ్య చూసిండు, కడుపు నిండ చూసిండు. తర్వాత నోరు పెగుల్చుకున్నడు.

"రాజీవ్ అని నీ కాడ ఒక పిలగాడున్నడంట..."

సరిత మొఖంల నవ్వు పోయింది. "నువ్వు కడ్తున్నది వాళ్ళ ఇల్లేనా?"

"ఔ."

"కరస్పాండెంట్ సారు చెప్పిండు, పెట్టలే. ఇప్పుడు నిన్ను తోలిన్రా?"

"కాలేజీ పెద్దసారుకే కాదంటివా? కొలువు తీసేస్తే?"

"తీసేస్తే ఇంకోటి వెతుక్కుంట. సదువు గుంజుకుంటరా ఏంది?"

కురుమయ్యకు గర్వమయింది, కోపం కూడా వచ్చింది. "నీకేం, నువ్వు అంటవ్. పైఅంతస్తు పోతే వానకాలమంత నేను, మాసయ్య అడ్డా మీద నిలబడాలె. నీ ఒక్క సంతకంతోని ఎవని కొంప మునుగుతది?"

చాయ వచ్చింది. సరిత కప్పు నాయిన దిక్కు జరిపింది.

"స్లాబ్ పోసినంక నీళ్ళు పట్టకుంట అందరు ఇంట్ల పండుకున్నరనుకో. ఆఖరి దినం ట్యాంకరు తెచ్చి ఒక్కపారి గుమ్మరించి, ఇగ స్లాబ్ కింది సెంట్రింగ్ చెక్కలు ఇప్పు మేస్త్రీ అంటే, ఇప్పుతవా?"

"నాకే చెప్తున్నవా?"

"నీకు కాక ఇంకెవరికి చెప్పాలె?"

కురుమయ్య చాయ తాగిండు. చక్కెర ఎక్కువనే ఉన్నది.

"ఆ పిలగాడు చెడ్డోడు కాదు నాయినా. మనసు పెట్టలే, అంతే. ఈ ఏడు ఆగి మళ్ళ క్లాసుల కూసుంటే పాసయితడు. ఏ పేపర్లు ముందుగల రాయాల్నో నేను దగ్గరుండి చెప్త. ఇట్ల రాయిస్తే అన్నింట్ల తప్పుతడు, మళ్ళ కాలేజీ మొఖం చూడడు. వాళ్ళ నాయినను వెంటబెట్టుకొని రమ్మను."

గేటు దాక వచ్చి సాగదోలింది. బల్ల మీదున్న పిలగాండ్లందరు లేచి నిలబడ్డరు. మేడమ్‌కే లేచిన్రు, తెల్సు. అయినా కురుమయ్య జర మెల్లగ నడిచిండు.

అశోక్‌నగర్‌ల సారు వరండల కాసుకొని ఉన్నడు. "ఏమన్నది?"

"పెట్టనన్నది సారు."

"నువ్వు గట్టిగ అడగలే."

"అడిగిన. పెద్దసారు చెప్తెనే పెట్టలే, నేనెంత? మిమ్ముల బాబును తీసుకొని రమ్మన్నది. పొద్దుగాల్నే పోతే మంచిది సారు, లైను ఉంటది."

సారు మొఖం ఎర్రబడ్డది. తనను లైన్ల కూసోమంటున్నది కూలోని బిడ్డ. ఆ మాట ఆయన అనలేదు, మొఖమే అన్నది. "సరే. పూత అయినంక మీ సామాను తీసుకపోండ్రి. పైఅంతస్తుకు వేరేటోళ్ళను చూసుకుంట."

కిందటేడు అయితే కురుమయ్య బతిమిలాడేటోడు. ఇప్పుడు "మంచిది సారు" అన్నడు. పూత మిగిలిన గోడకు పోయి, ఆ సాయంత్రం దాక నున్నగ రుద్దిండు. ఎక్కడా వంక పెట్టరాదు.

వారం తిరిగేసరికి కురుమయ్య, మాసయ్య చిక్కడపల్లి అడ్డా మీదికొచ్చిన్రు. పొద్దున్నే కూలోళ్ళు పనిముట్లు ముంగటేసుకొని నిలబడే జాగ అది. మాసయ్య ఒకటే గొణుగుడు. "నీ బిడ్డ సంతకం పెట్టకపోతే నా కడుపెందుకు మాడాలె? నీకు కొంచెమన్న పరేషాన్ లేదేందన్నా? పెండ్లికి పోయినట్టు అంగీ ఇస్త్రీ చేసుకొచ్చినవ్."

"పరేషాన్ ఎందుకుంటది? ఉన్నది."

"మొఖంల కనిపిస్తలేదు."

దోమలగూడ నుంచి ఒకాయన స్కూటర్ మీద వచ్చిండు. ప్రహరీ గోడ పని ఉన్నదన్నడు. "ఇంతకు ముందు ఎక్కడ చేసిన్రు? ఎందుకు ఇడిసిపెట్టిన్రు?" అని ఆరా తీసిండు.

కురుమయ్య నోరు తెరిచేలోపు మాసయ్యే అందుకున్నడు. "ఈయన బిడ్డ కాలేజీల పెద్ద మేడమ్, సారు. ఎం.బి.ఏ. పిల్లలకు దారి చెప్తది. దొంగ కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టలే. పెద్దసారు చెప్పినా పెట్టలే, కన్నతండ్రి పోయి అడిగినా పెట్టలే. అందుకే మేమిద్దరం గీడ నిలబడ్డం." తిట్టడానికి మొదలుపెట్టిన మాట నడుమకు వచ్చేసరికి గొప్ప చెప్పుకునే మాట అయింది, గొంతు లేచేసరికి చుట్టుపక్కలోళ్ళు తిరిగి చూసిన్రు.

"అది నేనడగలే," అన్నడు స్కూటరాయన. "రోజుకెంత?"

కురుమయ్య ఎప్పుడూ అడిగేదాని కన్న ఎక్కువ చెప్పిండు. మాసయ్య వెనక నుంచి గిల్లిండు. కురుమయ్య తగ్గలేదు. ఆయన పక్కోళ్ళ దిక్కు పోయి బేరమాడి, అటు ఇటు చూసి, మళ్ళ వచ్చిండు.

"గోడ వంకర పోవద్దు."

"పోదు," అన్నడు కురుమయ్య. తాపీ సంకకు పెట్టుకొని స్కూటర్ వెనకాల నడిచిండు. మాసయ్య ఇంకా ఎవరికో ఆ సంతకం సంగతి చెప్పుకుంటనే వస్తున్నడు.