మడిచిన మూల

వెనక్కి తిప్పాల్సిన పుటకు మూల కొద్దిగా ఎక్కువ మడిచి, నివెస్ పుస్తకాన్ని పియానో మీద పెట్టింది. ఇటలీలోని త్రియెస్తే ఊరి సంగీతశాలలో పియానో వాయించేవారి ఎడమపక్కన కూర్చుని స్వరాల పుటలు తిప్పడం ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆమె పని. నల్ల గౌను, ఉంగరం లేని వేళ్లు, సెంటు వాసన తగలని ఒళ్లు. కార్యక్రమ పత్రంలో పియానో శ్రుతి చేసినవాడి పేరు కూడా వేస్తారు. ఆమెది వెయ్యరు.

వచ్చే నెల నుంచి పుటలు తెర మీద వస్తాయట, కాలితో నొక్కితే తిరుగుతాయట. ఈరోజు వాయించే బ్రాందొలిన్ "నాకు ఈమే కావాలి" అని ఒక్క మాటంటే ఆమె కుర్చీ నిలుస్తుంది. ఆ మాట కోసం పొద్దుటి నుంచి ప్రాణం కొట్టుకుంటోంది.

సాధనలో ఆయన పెన్సిలుతో చూపించాడు. "ఇక్కడ మళ్లీ వాయించమనే రెండు చుక్కలున్నాయా? వెనక్కి వెళ్లొద్దు. ఇదంతా రెండోసారి వాయిస్తే జనం గురక పెడతారు. తిన్నగా ముందుకే."

"అలాగే, మాయెస్ట్రో. మరి, వచ్చే నెల..."

"ముందు ఈ పూట గట్టెక్కనివ్వండి!"

ఆ జవాబునే తలుచుకుంటూ ఆమె మూల మడత విప్పడం మరిచిపోయింది.

కచేరీలో ఆమె వేళ్లకు మడత తగిలింది. అలవాటు ఊరుకుంటుందా? నాలుగు పుటలు ఒక్క ఊపున వెనక్కి తిప్పేసింది. బ్రాందొలిన్ చెయ్యి గాలిలో ఆగింది. ఆయనే పుటలను ఫెడీమని ముందుకు లాగాడు. ఆ చప్పుడు హాలంతా విన్నది. నివెస్‌కు తల కొట్టేసినట్టయింది.

చివర్లో చప్పట్లు. "బిస్! బిస్!" ఇంకొకటి వాయించమని అరుపులు. దానికి పుస్తకం అక్కర్లేదు, చూడకుండానే వాయిస్తారు.

"మీరిక వెళ్లండి," అన్నాడాయన, ఆమె వైపు చూడకుండా.

తెర వెనక ఆమె కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎడమచెయ్యి భుజం దాకా లాగుతోంది. తలుపు దగ్గరుండే తూల్యో నవ్వాడు.

"వదలరమ్మా వీళ్లు! మనల్ని ఎవడైనా ఇంకొక్కసారి అన్నాడా?"

"ఆ తలుపు వెయ్యి, తూల్యో. చలేస్తోంది."

అతను తలుపు వేసి వచ్చేసరికి కోటు కింద పడి ఉంది. ఆమె తల గోడకు వాలిపోయింది, ఊపిరి లేదు. లోపల జనం రెండోసారి బిస్ అడుగుతున్నారు. తూల్యోకు ఎవరిని పిలవాలో తోచలేదు.

అందరూ వెళ్లాక పియానో మీద పుస్తకం మిగిలింది. మూసి ఉన్నా, మధ్యలో ఒక పుట మూల మాత్రం ఇంకా మడిచే ఉంది.