సత్తవ్వ మోకాళ్ల నొప్పి

మొగిలి పద్దెనిమిదేళ్లు బెల్లంపల్లిలో బొగ్గు బాయి దిగాడు. ఆ పద్దెనిమిదేళ్లూ అతని తల్లి సత్తవ్వ భయపడుతూనే బతికింది. కొడుకు ఏ షిఫ్టుకు పోతే ఆ షిఫ్టంతా ఆమె చెవులు సైరన్ మీదే ఉండేవి. వేళకు మోగితే సరే. వేళగాని వేళ మోగిందంటే చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి, కొంగు నడుముకు చుట్టుకుని బాయి దారి పట్టేది.

పంతొమ్మిది వందల అరవై ఒకటిలో, దసరాకు ముందు, మొగిలికి ల్యాంపు రూములో పని ఇచ్చారు. బాయి దిగేవాళ్లకు దీపాలు అందించాలి, పైకి వచ్చాక లెక్క చూసి తీసుకోవాలి. ఇక కిందికి పోయే పని లేదు. కోడలు అనసూర్య ఆ రోజు బెల్లం పాయసం వండింది. సత్తవ్వ రెండు గిన్నెలు తాగి, పట్టపగలు గుర్రుపెట్టి నిద్రపోయింది. ఇల్లు చేరిన కొడుకు ఆమెను చూసి, చెప్పులు చేతిలో పట్టుకుని లోపలికి నడిచాడు.

రెండు నెలలు అట్లా హాయిగా గడిచాయి.

పక్క క్వార్టరులో గంగుబాయి ఉండేది. చాందా వైపు నుంచి వచ్చిన మనిషి, సత్తవ్వ ఈడుదే. పొద్దెక్కాక ఇద్దరూ మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, సగం తెలుగులో సగం మరాఠీలో లోకం సంగతులన్నీ మాట్లాడుకునేవాళ్లు. ఒకనాడు గంగుబాయి తన చెల్లెలి గురించి ఏదో మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయింది. సత్తవ్వ చాటలోంచి తల ఎత్తకుండానే మరి ఆమె ఏమన్నదని అడిగింది. జవాబు రాలేదు. చూసేసరికి గంగుబాయి గోడకు ఒరిగి ఉంది. జ్వరం లేదు, దగ్గు లేదు. పొద్దున రెండు జొన్నరొట్టెలు తిన్న మనిషి.

పదకొండో రోజు కార్యానికి పోయి వచ్చి, సత్తవ్వ నీళ్ల బిందె దించుతుంటే గుండె ఒక్కసారి ఆగినట్టయింది. ఆ వెంటనే లోపలి నుంచి ఎవరో తన్నినట్టు ధన్‌మని కొట్టుకుంది. ఆమె బిందె పక్కనే కూలబడి, గంగుబాయికీ ఇట్లాగే అయి ఉంటుందనుకుంది.

ఆ రోజు నుంచి ఆమె ఎడమ మణికట్టు మీంచి కుడిచేతి వేళ్లు తీయలేదు. కూర తరుగుతూ ఆగి నాడి చూసుకునేది. ఎక్కడైనా లయ తప్పితే ఒళ్లంతా చెమట పట్టేది, చెమట పట్టిందని ఇంకా దడ పుట్టేది. స్నానాల గది తలుపుకు గడియ పెట్టడం మానేసింది. ఇంట్లో ఎవరూ లేకపోతే పోయి వీధి నల్లా దగ్గర కూర్చునేది. పడిపోతే నలుగురూ చూస్తారు కదా అని. హుస్నాబాద్‌లో ఉన్న చెల్లెలు బాలవ్వ రమ్మని కబురు పెడితే, రైల్లో ప్రాణం పోతే పరాయివాళ్ల చేతుల్లో పడతానని పోలేదు. పెట్టెలోంచి కొత్త చీర ఒకటి తీసి, తన చివరి ప్రయాణానికని విడిగా మడిచి పెట్టుకుంది.

ఈ మాట ఎవరికైనా చెప్పాలంటే సిగ్గుగా ఉండేది. కడుపున పుట్టినవాడు రోజూ భూమి అడుగున తల మీద రాయి పెట్టుకుని పనిచేశాడు. తనేమో నీడపట్టున కూర్చుని, ఇంత బతుకు బతికాక, ఇంకా చావుకు భయపడుతోంది. ఇంతకంటే నవ్వులపాటు ఏముంటుంది?

అయినా ఉండబట్టలేక ఒకనాడు ఒంటరిగా కంపెనీ దవాఖానకు పోయింది. వరుసలో నిలబడినంతసేపూ చెప్పాల్సింది మనసులో అనుకుంటూనే ఉంది. తీరా డాక్టరు ముందు కూర్చుని, ఏమైందని ఆయన అడగ్గానే, మోకాళ్ల నొప్పి అంది. ఆయన రుద్దుకోవడానికి నూనె రాసిచ్చాడు. వారం తర్వాత మళ్లీ పోయింది. మళ్లీ మోకాళ్లే చెప్పింది. మూడోసారీ అంతే. గుండె అని తన నోటితో అన్నాక ఆయన నిజమే అంటే ఏం చేయాలి? మూడు నూనె సీసాలూ బియ్యం డబ్బా వెనక వరుసగా నిలబడ్డాయి. మూతలు కూడా తీయలేదు.

బియ్యం పోస్తుంటే వాటిని అనసూర్య చూసింది. అత్త నడక ఆమెకు తెలుసు. కూరగాయల బుట్టతో గుట్ట మీది బజారు దాకా ఆగకుండా నడిచే కాళ్లవి. సీసాలు మూడూ తెచ్చి ముందు పెట్టి పక్కన కూర్చుంది.

"మోకాళ్లు నొస్తున్నయంటివి. మరి చెయ్యి ఎప్పుడు జూసినా ఛాతి మీదనే ఉంటది గదా, అత్తా?"

సత్తవ్వ మూడు సీసాలనూ దగ్గరికి లాక్కుని ఒక వరుసలో పెట్టింది. తర్వాత అంతా చెప్పేసింది. మడిచి పెట్టుకున్న చీర సంగతి కూడా. అనసూర్య నవ్వలేదు, కోప్పడలేదు. పొద్దున్నే ఇద్దరం పోదాం, నీకు నోరు రాకపోతే నేను చెప్తానంది.

డాక్టరు హైదరాబాదు మనిషి, రిటైరు కావడానికి దగ్గరపడ్డవాడు. అనసూర్య చెప్పిందంతా విని, సత్తవ్వ ఛాతి మీద, వీపు మీద స్టెతస్కోపు పెట్టి తొందర లేకుండా విన్నాడు. బయటి మెట్లు పదిసార్లు ఎక్కి దిగి రమ్మన్నాడు. వచ్చాక మళ్లీ విన్నాడు. ఆ తర్వాత ఆ గొట్టాలు తీసి ఆమె చెవులకే పెట్టాడు. సత్తవ్వ తన గుండె చప్పుడు మొదటిసారి విన్నది. వడ్లు దంచినట్టు, గట్టిగా, ఒక తీరుగా పడుతోంది. మధ్యలో ఒకచోట తప్పింది. ఆమె ఆయన చేయి పట్టుకుంది.

"గదే, సాబ్. గిప్పుడు ఆగింది."

"ఆగలే అవ్వా. ఒక దెబ్బ జర ముందు పడ్డది, అందుకే తర్వాతది ఆలస్యమైంది. మస్తుమందికి గిట్లయితది. నాకు గూడ అయితది."

"అయితే నేను సావనా?"

డాక్టరు నవ్వి, స్టెతస్కోపు తీసుకున్నాడు. "సస్తవ్. నేను గూడ సస్త. కానీ దీనితోని కాదు."

దవాఖాన బయటికి వచ్చాక సత్తవ్వకు ఎక్కడలేని ఆకలి వేసింది. కోడలితో మిర్చిబజ్జీలు కొనిపించుకుని, వేప నీడలో నిలబడి నాలుగు తిన్నది. ఇంటికి పోయి చీర తీసి పెట్టె అడుగున వేసింది.

కానీ ఐదో రోజుకు వేళ్లు మళ్లీ మణికట్టు మీదికి పోయాయి. డాక్టరు సరిగ్గానే విన్నాడా, ఆ రోజుకు బాగుండి తర్వాత చెడిందా అని అనుమానం. మళ్లీ పోదామని కోడలిని అడగడానికి మొహం చెల్లలేదు.

ఆ ఆదివారం మొగిలి వాకిట్లో మంచానికి నులక బిగిస్తున్నాడు. సత్తవ్వ రెండో కొస పట్టుకుని కూర్చుంది. కోడలు అతనికి అంతా చెప్పిందని ఆమెకు తెలుసు, అతను ఇన్నాళ్లూ ఆ మాట ఎత్తలేదు. చివరికి ఆమే అడిగింది, బాయి దిగేటప్పుడు నీకు భయమయ్యేదా అని.

"రోజూ అయ్యేది."

"మరి ఎట్ల పని చేసినవ్?"

మొగిలి నులక గుంజుతూనే చెప్పాడు. "పోంగనె కట్టెతోని పైకప్పు కొట్టి ఇంటుంటిమి అవ్వా. గట్టిగ పలికిందా, బోలుగ పలికిందా అని. గట్టిగుంటే పని మొదలు. అన్నం తిన్నంక మళ్లొక్కసారి కొట్టి సూసేది. ఇనకపోతే ప్రాణం పోతది. పొద్దుందాక కొట్టుకుంట కూసుంటే బొగ్గెవరు తీస్తరు?"

సత్తవ్వ చేతిలో నులక వదులైంది. "నువ్వు గంత కష్టం పడ్డవ్. నేను ఇంట్ల కూసోని భయపడుతున్న. సిగ్గయితది బిడ్డా."

"నా భయం సగం నువ్వే పడ్డవ్ గదనే, పద్దెనిమిదేండ్లు," అన్నాడు కొడుకు. "జర గట్టిగ పట్టు, సడలుతున్నది."

మర్నాటి నుంచి ఆమె ఒక పద్ధతి పెట్టుకుంది. పొద్దున మొహం కడుక్కున్నాక ఒకసారి, మధ్యాహ్నం తిన్నాక ఒకసారి నాడి చూసుకోవాలి. మిగతావేళల్లో చేతికి ఏదో ఒక పని ఉండాలి. మొదటి వారం వేళ్లు ఊరికే అటు పోయేవి, వాటిని తీసి చింతపండు గింజలు తీయడానికి పెట్టేది. రెండో వారానికి మధ్యాహ్నం చూసుకోవడం అప్పుడప్పుడు మరిచిపోయింది. దడ పూర్తిగా పోలేదు. వచ్చినప్పుడు, వచ్చినవా అన్నట్టు ఒక క్షణం ఆగి, మళ్లీ పనిలో పడేది. ఒక పొద్దున గంగుబాయి కూర్చునే మెట్టు మీద తానే చాట పెట్టుకుని కూర్చుంది. దుఃఖం వచ్చింది. భయం రాలేదు. ఇన్ని రోజులూ భయంలో పడి ఆ మనిషి కోసం సరిగ్గా ఏడవనే లేదని అప్పుడు తెలిసింది, కొంగు అడ్డం పెట్టుకుని తనివితీరా ఏడ్చింది.

మాఘంలో కొడుకు రైలెక్కిస్తే జమ్మికుంటలో దిగి, బస్సులు మారి, హుస్నాబాద్ చేరింది. బాలవ్వ చేనులో మిరపకాయలు కోతకు వచ్చి ఉన్నాయి. ఎనిమిది రోజులని పోయిన మనిషి పొద్దున చెల్లెలితో కలిసి కాయలు కోస్తూ, మధ్యాహ్నం కల్లంలో ఎండబోస్తూ, నాయన దగ్గర ఇద్దరూ తిన్న దెబ్బలు తలుచుకుని నవ్వుతూ రోజుల లెక్క మరిచిపోయింది. పద్నాలుగో రోజున బడి పంతులును పిలిచి కొడుక్కి కార్డు రాయించింది. తాను బాగానే ఉన్నాననీ, కాయలు ఎండి బస్తాలకు ఎత్తేదాకా రాననీ, తన కోసం ఎదురుచూడవద్దనీ. చదివి వినిపించమని అడిగి, సరిగ్గానే రాశాడని తేల్చుకుని, ఘాటుకు రెండు తుమ్ములు తుమ్మి, మిరపకాయలు తిరగవేయడానికి కల్లంలోకి పోయింది.