నలభయ్యోనాటి గోధుమలు

వాన వెలిసినా చెట్ల నుంచి మాత్రం నీళ్ళు కారుతూనే ఉన్నాయి. విక్లో కొండల అడవిలో, రుమేనియా వాళ్ళ రెండు చిన్న ఆర్థడాక్స్ మఠాల మధ్య భక్తులు నడిచే దారి అది. పొద్దున్నే కింది మఠంలో దండం పెట్టుకుని బయల్దేరితే పై మఠం చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ముందు విక్టర్ నడుస్తున్నాడు. లూకన్‌లో వీళ్ళ పక్కింటివాడు, రుమేనియావాడు, బస్సు డ్రైవరు. అతనితో సమానంగా మైథిలి. ఆమె మొగుడు డాక్టర్ చక్రధర్ బురదలో బూట్లు ఈడ్చుకుంటూ వెనక.

"ఏమండీ, రోజూ నడవమని రోగులందరికీ చెప్తారుగా. మీకది వర్తించదా?"

"నాకు చెప్పేందుకు ఇంకో డాక్టరుండాలి."

"నేనున్నాగా. నడవండి."

విక్టర్‌కి తెలుగు ముక్క రాదు గానీ, మొగుడూపెళ్ళాల గిల్లికజ్జా ఏ భాషలోనైనా అర్థమవుతుంది. తనలో తను నవ్వుకున్నాడు.

చక్రధర్ మనసు తేలిగ్గా ఉంది. కిందటి నెల, జూలైలో, ఆస్పత్రి మారాడు. పాతచోట ఎమర్జెన్సీ డ్యూటీల పీడ విరగడైంది. చాలాకాలానికి ఒక ఆదివారం తనకు దక్కింది.

పై మఠమంటే చెక్కతో కట్టిన చిన్న గుడి, పక్కన రేకుల షెడ్డు. షెడ్డులో నల్లబట్టల మనుషులు నిలబడి ఉన్నారు. బల్లమీద ఓ ఫొటో, కొవ్వొత్తి, పళ్ళెంలో చక్కెర పొడి చల్లిన తెల్లటి దిబ్బ.

"పోయిన నలభయ్యోనాడు," విక్టర్ గొంతు తగ్గించాడు. "మావాడే, తాపీమేస్త్రి. దోరిన్. దారిన పోయేవాడికైనా పెట్టకుండా పంపరు. తీసుకోండి."

తలకు నల్లగుడ్డ కట్టుకున్న పెద్దావిడ, దోరిన్ తల్లి, కొత్తవాడని ముందు చక్రధర్‌కే కప్పు అందించింది. ఉడికించిన గోధుమలు, అక్రోటు పలుకులు, చక్కెర.

"దినం తిండి అన్నమాట," మైథిలి గొణిగింది. "పోయిందెవరో తెలీకుండా ఎలా తింటామండీ?"

"పెద్దావిడ పెడుతుంటే వద్దంటావా?" అని ఓ చెంచా నోట్లో వేసుకున్నాడు. బాగుంది.

"తిన్నాక ఒక మాట అనాలి," అన్నాడు విక్టర్. "దేవుడు అతన్ని క్షమించుగాక అని. ఇంగ్లీషులో అన్నా చాలు."

అనబోతూ చక్రధర్ ఫొటో వైపు చూశాడు. వెడల్పాటి భుజాలు. ఎడమ కనుబొమ మధ్యలో చీలిక. ఆ చీలికను ఎక్కడో చూశాడు.

"ఎలా పోయాడు?"

తల్లి చెబుతుంటే విక్టర్ ఇంగ్లీషులోకి మారుస్తూ వచ్చాడు. "వీపు మధ్యలో చీరేస్తున్నట్టు నొప్పని ఆస్పత్రికి వెళ్ళాడట. ఈసీజీ బాగుందన్నారు. ఎసిడిటీ అని మాత్రలిచ్చి పంపారు. ఇంటికొచ్చి ఒకటే నవ్వట. కారం తినొద్దని నాకు ఇండియా డాక్టరు చెప్పాడమ్మా, ఇక లోకం తలకిందులైనట్టే అని."

చక్రధర్ చేతిలో చెంచా ఆగిపోయింది. ఆ హాస్యం తనదే. "మేం తినొచ్చు గానీ, నువ్వు మాత్రం కారం, పులుపు ముట్టకు" అని ఆ భుజం తట్టి, తెర పక్కకు నెట్టి తర్వాతి మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. వీపు చీరినట్టు నొప్పంటే, గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం చిరిగిందేమోనని మెడికల్ కాలేజీ పిల్లవాడికైనా అనుమానం రావాలి. ఒక్క స్కాను రాస్తే బయటపడేది. రాయలేదు.

విక్టర్ ఇంకా చెబుతూనే ఉన్నాడు. "ఆ రాత్రి పుల్లటి సూపు అడిగాడట. కొడుకు అడిగాడు కదాని పెట్టింది. తెల్లారేసరికి లేడు. పోస్టుమార్టం రిపోర్టు రావాలంటే ఇక్కడ నెలలు. ఈవిడకు రిపోర్టుతో పనేముంది? డాక్టరు వద్దన్నది చేతులారా పెట్టి చంపుకున్నానంటుంది. ఆనాటి నుంచీ పొయ్యి వెలిగించలేదు."

పెద్దావిడ చక్రధర్ నోటివంకే చూస్తోంది, అతననాల్సిన మాట కోసం.

"ఏమైందండీ? అలా ఉన్నారేం?" మైథిలి దగ్గరికొచ్చింది.

"అతన్ని ఇంటికి పంపిన డాక్టర్ని నేనే."

మైథిలి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇక్కడేం అనకండి. ఇంటికెళ్ళి ఆలోచిద్దాం. మీ డాక్టరు రిజిస్ట్రేషనుంది, పిల్లలున్నారు."

"అందాకా ఆవిడ?"

మైథిలి చెయ్యి వదల్లేదు.

"విక్టర్," అన్నాడు ఇంగ్లీషులో, "ఆ డాక్టరు నేనేనని చెప్పు. సూపు వల్ల కాదని చెప్పు."

"ఊరుకో డాక్. ఈ దేశంలో ఇండియా డాక్టర్లు నువ్వొక్కడివేనా?"

"కారం మాట అన్నది నేనే. చెప్పు."

విక్టర్ నేలచూపులు చూస్తూ చెప్పాడు. షెడ్డులో చెంచాల చప్పుడు ఆగింది. పెద్దావిడ ముందుకొచ్చి చక్రధర్ చేతిలోని కప్పు తీసేసుకుంది. కొడుతుందనుకున్నాడు. కొడితే బాగుండుననీ అనుకున్నాడు. ఆమె మెల్లగా ఏదో అడిగింది.

"సూపు వల్ల కాదన్నది నిజమేనా, నన్ను ఊరడించడానికి అంటున్నాడా అని అడుగుతోంది," అన్నాడు విక్టర్.

"నిజమేనమ్మా."

మాట తెలుగులో వచ్చింది. దాన్ని మార్చి చెప్పాల్సిన పని పడలేదు. ఆమె బెంచీమీద కూలబడింది. నల్లగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆడవాళ్ళందరూ ఆమె చుట్టూ చేరారు. చక్రధర్ పక్కన మైథిలి ఒక్కతే మిగిలింది.

కాసేపటికి పెద్దావిడ తలెత్తి మళ్ళీ ఏదో అంది.

"నీ పేరడుగుతోంది," అన్నాడు విక్టర్.

ఫిర్యాదుకో, ప్రార్థనకో, ఎందుకని అడిగే ధైర్యం చాల్లేదు. "చక్రధర్," అన్నాడు.

ఆవిడకు నోరు తిరగలేదు. ఇంకోసారి చెప్పమంది.

నిదానంగా, విడదీసి చెప్పాడు.