అరవై మాటలు

ఆ వారంలో పాలు పొంగిపోవడం అది మూడోసారి. ఆమె పొయ్యి ఎదురుగానే నిలబడి ఉంది. చేతిలో గరిటె కూడా ఉంది. పాలు గిన్నె అంచుదాకా లేచి, బుస్సుమని పొయ్యి మీద పడ్డాకగాని తను అక్కడున్న సంగతి ఆమెకు తెలియలేదు.

"ధ్యాస ఎక్కడ పెట్టావ్?" హాల్లో సోఫా మీంచి అడిగాడు భర్త.

ధ్యాస ఎక్కడుందో అతనికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? పది రోజుల క్రితం మైదానం మధ్యలో అవతలి జట్టు పిల్ల మోకాలు ఆమె కణతకి తగిలినప్పుడు, సంచీ భుజాన వేసుకుని పరుగెత్తుకొచ్చినవాడు అతనే. జట్టు ఫిజియో. కళ్ళముందు వేలు అటూ ఇటూ ఆడించి, "లే, లేచి నుంచో. ఇంకా మూడు నిమిషాలే" అని చెవిలో అన్నాడు. ఆమె లేచింది. ఆ మూడు నిమిషాల్లో ఏం జరిగిందో ఇప్పటికీ ఆమెకు గుర్తులేదు. గెలిచామని తర్వాత ఎవరో చెప్పారు.

ఆమెకు ముప్ఫై ఒకటి. మహిళల రగ్బీ సెవెన్స్‌లో తొమ్మిదేళ్ళుగా దేశానికి ఆడుతోంది. పట్టుకుంటే ఎదుటి మనిషిని వదిలిపెట్టదని జట్టులో అందరూ ఆమెను జిగురు అంటారు, చిన్నపిల్లలైతే జిగురక్క. జట్టుకు ఏడుగురు, సగానికి ఏడు నిమిషాలు, కన్ను మూసి తెరిచేలోగా అయిపోయే ఆట. ఆ సీజన్‌లో ఆరు దేశాల్లో ఆరు టోర్నమెంట్లు. పన్నెండు జట్లలో మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవాళ్ళే వచ్చే ఏడాది కూడా ఈ వరసలో ఆడతారు. మిగిలినవాళ్ళు మళ్ళీ అడుగునుంచి ఎక్కిరావాలి. మూడు టోర్నమెంట్లు అయ్యేసరికి వీళ్ళది ఎనిమిదో స్థానం. వెంట్రుకవాసి తేడాతో వేలాడుతున్నారు.

ఎనిమిదేళ్ళ క్రితం ఆమె భుజం జారితే సరిచేసింది అతనే. ఆ చేతుల్లోని నెమ్మది చూసే పెళ్ళికి ఒప్పుకుంది. జట్టులో అలవాటైన 'మీరు' పెళ్ళయ్యాక కూడా ఆమె నోటినుంచి పోలేదు, అతని 'నువ్వూ' పోలేదు. ఇద్దరూ ఒకే విమానంలో వెళ్ళి ఒకే విమానంలో తిరిగొచ్చేవాళ్ళు. ఇంటి తాళం తీయగానే అతను సోఫాలో వాలిపోయేవాడు, ఆమె వంటింట్లోకి నడిచేది. మొదట్లో ఒకసారి, నాకూ ఒళ్ళు నొప్పులుగా ఉంది అంటే, "నువ్వాడేది పద్నాలుగు నిమిషాలు. నేను రెండ్రోజులూ నిలబడే ఉంటాను" అన్నాడు నవ్వుతూ. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఎందుకు నవ్విందో తర్వాత చాలాసార్లు అనుకుంది. అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా, "ఆడదానికి మోకాళ్ళ నిండా ఆ మచ్చలేంటమ్మా, ఇంకెన్నాళ్ళీ కుస్తీలు?" అనేది. అతను ఫోన్ లాక్కుని, "ఆడనీయమ్మా, నేనున్నాగా" అనేవాడు. విలేకరులు అడిగితే, "నా భార్యను నేనే ఆడిస్తున్నాను" అని చెప్పేవాడు. ఆ మాటకి ఆమె మురిసిపోయేది. తోటి క్రీడాకారిణులు ఎంతమంది పెళ్ళితో ఆగిపోలేదు! తన అదృష్టం తనది అనుకునేది. అందుకే అతని బూట్లకంటిన మట్టి, సంచీలో చెమట వాసన కొట్టే పట్టీలు, ఇస్త్రీ చెయ్యాల్సిన జట్టు చొక్కాలు ఏవీ ఆమెకి భారంగా కనిపించలేదు. కనిపించినా, ఆ అదృష్టానికి కట్టే రుసుములాగా కనిపించేవి.

ఆ రోజు పొయ్యి తుడుస్తూ చెప్పేసింది. "వెలుతురు చూస్తే కళ్ళు పీకేస్తున్నాయి. మెట్లు దిగుతుంటే నేల ఊగుతోంది. నిన్న పక్కింటావిడ పేరు నోటికి రాలేదు."

అతను లేచి వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "కోచ్‌కి తెలిస్తే నిన్ను పక్కన పెట్టేస్తాడు. నోరు విప్పకు. నేను చూసుకుంటాగా."

చూసుకోవడం మర్నాటినుంచే మొదలైంది. తలకి దెబ్బ తగిలిందన్న అనుమానం వస్తే డాక్టరు పది మాటలు చదివి, తిరిగి చెప్పమంటాడు. కాసేపాగి, మళ్ళీ చెప్పమంటాడు. ఎన్ని మర్చిపోతే అంత ప్రమాదం. అలాంటి జాబితాలు ఆరున్నాయి. ఆరూ అతని దగ్గరున్నాయి. ఆమె కూరలు తరుగుతుంటే అతను స్టూలు మీద కూర్చుని చదివేవాడు. నిచ్చెన, తేనె, బొంగరం, దిండు, సబ్బు... చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేది. తప్పితే మళ్ళీ మొదటినుంచి. ఎనిమిదేళ్ళలో అతను వంటింట్లో అంతసేపు కూర్చోవడం అదే మొదలు. తలనొప్పి మధ్యలో కూడా ఆమెకు హాయిగా అనిపించింది. నా కోసం, నా ఆట కోసం ఇంత సాహసం చేస్తున్నాడు అనుకుంది. పట్టుబడితే అతని ఉద్యోగం పోతుంది కదా! ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకో నాలుగు మాటలు పట్టుదలగా బట్టీపట్టేది.

నాలుగో టోర్నమెంటు ఆడింది. బంతి ఒక్కోసారి రెండుగా కనిపించింది. రెండింట్లో కుడివైపుది పట్టుకుంటే సరిపోతోందని కనిపెట్టింది. అతనికి చెప్తే, "భలేదానివే" అన్నాడు.

అయిదో టోర్నమెంట్‌లో జువ్వకి దెబ్బ తగిలింది. జువ్వకి ఇరవై రెండేళ్ళు. బంతి చేతికొస్తే తారాజువ్వలా దూసుకుపోతుందని ఆ పేరు. జట్టు పాయింట్లలో సగం ఆ పిల్లవే. ఎవరి మోచెయ్యో చెవి వెనక తగిలింది. పిల్ల నవ్వుతూనే లేచి, "ఏం కాలేదు, ఆడతాను" అంది. ఫిజియో ఒప్పుకోలేదు. చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. మూడు వారాలు విశ్రాంతి, చివరి టోర్నమెంటు కూడా లేదన్నాడు. కోచ్ తల పట్టుకున్నా వినలేదు.

మర్నాడు పొద్దున హోటల్లో ఆమె జువ్వ గదికి టిఫిను తీసుకెళ్ళింది. తెరలన్నీ వేసి ఉన్నాయి.

"జిగురక్కా, సార్ ఈ కాయితం ఇచ్చారు. నన్ను చదవొద్దన్నారు, కళ్ళకి మంచిది కాదట. చదివి పెడతావా?"

ఆమె తెరను కాస్త పక్కకి లాగి, మంచం అంచున కూర్చుంది. భర్త చేతిరాత. గుండ్రంగా, ఒత్తుగా, ఇంటి సరుకుల చీటీ మీద కూడా ఆమె ఎప్పుడూ చూడని శ్రద్ధతో రాసినది.

"మొదటి పది రోజులు ఫోన్, టీవీ చూడకు. బరువులెత్తకు. వెలుతురు ఇబ్బందిగా ఉంటే భరించకు, తెరలు వేసుకో. పొయ్యి దగ్గర ఒంటరిగా నిలబడకు. ఉన్నట్టుండి ధ్యాస తప్పొచ్చు, అది నీ తప్పు కాదు. పేర్లు గుర్తురాకపోతే కంగారుపడకు, చెప్పు. వస్తువులు రెండుగా కనిపిస్తే వెంటనే చెప్పు. దెబ్బ మానకముందే ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ముప్పు." ఆగింది.

"అంతేనా అక్కా?"

ఇంకో వాక్యం ఉంది. దాని కింద గీత కూడా గీసి ఉంది. "నీ తల కన్నా ఏ ఆటా పెద్దది కాదు."

ఆ వాక్యం చదువుతున్నప్పుడు ఆమె గొంతు మామూలుగానే ఉంది. అదే ఆమెకు ఆశ్చర్యం. లోపల మాత్రం ఏదో ఒక్కొక్క మెట్టే కిందికి దిగిపోతోంది. అయితే అతనికి అన్నీ తెలుసు. పాలు ఎందుకు పొంగాయో తెలుసు. అయినా, ధ్యాస ఎక్కడ పెట్టావ్ అని అడిగాడు. తెలిసే ఆ పొయ్యి దగ్గర నిలబెట్టాడు, తెలిసే కత్తి చేతిలో ఉండగా మాటలు అప్పజెప్పించుకున్నాడు, బంతి రెండుగా కనిపిస్తోందంటే తెలిసే భలేదానివే అన్నాడు. తెలియక చేశాడనుకోవడానికి ఈ కాయితంలో ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని మళ్ళీ మొదటినుంచి మౌనంగా చదివింది. దొరకలేదు. ఆ పిల్ల మీద ఆమెకి కోపం రాలేదు. ఆ పిల్లకి దక్కినది న్యాయమే. తను ఎనిమిదేళ్ళుగా ప్రేమ అనుకుని దాచుకున్నదేమిటో, అదే ఇప్పుడు అర్థం కాలేదు.

గదికి తిరిగొచ్చేసరికి అతను మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఉతికిన అతని చొక్కాలు మడతపెట్టడం మొదలుపెట్టింది, చేతులకి ఏదో ఒక పని ఉండాలి కాబట్టి.

"జువ్వకి మూడు వారాలు ఇచ్చారు. నాకు మూడు రోజులు కూడా ఇవ్వలేదు. ఎందుకు?"

"దానికింకా పదేళ్ళ ఆట ఉంది." అతను ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "నీకేముంది? ముప్ఫై దాటాయి, ఎలాగూ ఇదే చివరి సీజన్ కదా."

"ఆట సంగతి కాదు. తల సంగతి అడుగుతున్నాను."

అప్పుడు తల ఎత్తాడు. కోపం లేదు, సిగ్గు కూడా లేదు. పసిపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. "జట్టు తొమ్మిదో స్థానానికి పడిపోతే కోచ్‌తోపాటు నేనూ ఇంటికే. పరాయివాళ్ళ పిల్లల్ని నేనలా ఆడించలేను, రేపు ఎవరైనా నిలదీస్తారు. నువ్వంటే నా మనిషివి. అర్థం చేసుకుంటావనుకున్నాను."

ఆమె మడత పెట్టిన చొక్కా విప్పి, మళ్ళీ మడత పెట్టింది. నా మనిషివి. నిలదీసేవాళ్ళు లేనిదానివని దానర్థమని ఇన్నాళ్ళకి తెలిసింది.

ఆరో టోర్నమెంట్‌కి వెళ్ళింది. తొమ్మిదేళ్ళ అలవాటు, మిగతా అమ్మాయిల మొహాలు, ఆడాలన్న ఆశ కూడా. ఆ ఆశ తనదే, దాన్ని అతని నెత్తిన రుద్దడం ఆమెకి ఇష్టంలేదు. మొదటిరోజు రెండో మ్యాచ్‌లో ఒక పొడుగాటి పిల్లను నడుము పట్టి పడేసింది. పడటంలో తన తల నేలకి కొట్టుకుంది. లేచి నిలబడితే కాళ్ళు వేరెవరివోలా ఉన్నాయి. ఫిజియో పరుగెత్తుకొస్తున్నాడు. ఈసారి అతనికంటే ముందు ఇంకొకావిడ వచ్చింది. నెరిసిన జుట్టు, మెడలో టోర్నమెంట్ డాక్టరని తెలిపే కార్డు. ఏ జట్టుకీ చెందని మనిషి.

స్టాండ్స్ కింద చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు. ఫిజియో వెనకే రాబోతే డాక్టరు అడ్డుకుంది. "మీరు బయట ఉండండి." తలుపు మూసి, కాయితం తీసింది. "పది మాటలు చెప్తానమ్మా. విని, గుర్తున్నవి తిరిగి చెప్పండి. నిచ్చెన..."

"తేనె, బొంగరం, దిండు, సబ్బు, గొడుగు, కిటికీ, బూడిద, ఏనుగు, తాళం" అంది ఆమె.

డాక్టరు కలం ఆగిపోయింది. మెల్లగా ఇంకో కాయితం తీసింది.

"అదీ వచ్చు. ఆరూ వచ్చు" అంది ఆమె.

డాక్టరు కాయితాలన్నీ పక్కన పెట్టేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "సరే. ఇవాళ పొద్దున మొదటి మ్యాచ్ ఎవరితో ఆడారు?"

ఆమె వెతికింది. ఏ రంగు చొక్కాలు? గెలిచామా, ఓడామా? అరవై మాటలూ వరసగా నిలబడి ఉన్నాయి తలలో. వాటి వెనక పొద్దున లేదు. అసలు పొద్దుననేదే లేదు. భయం అప్పుడు వేసింది ఆమెకి. డాక్టరు ఆమె చేతులు తన చేతుల్లోకి తీసుకుంది. "ఎవరు నేర్పారమ్మా?" అని అడిగింది. ఆమె ఏడ్చిందేగాని పేరు చెప్పలేదు.

జువ్వా, జిగురూ లేని జట్టు మర్నాడు రెండు మ్యాచ్‌లు ఓడి తొమ్మిదో స్థానంలో మిగిలింది. విమానంలో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. "ఇంకో రోజు ఓపిక పట్టలేకపోయిందా" అని వెనక వరసలోంచి వినిపించింది. ఆడకపోయినా జట్టుతో వచ్చిన జువ్వ మాత్రం పక్క సీట్లో కూర్చుని, ఏమీ అనకుండా దిగేదాకా ఆమె చెయ్యి పట్టుకుంది. ఇంటికొచ్చాక అత్తగారు ఫోన్ చేసింది. "మొగుడి ఉద్యోగానికి ఎసరు పెట్టిన ఆడదాన్ని నిన్నే చూశానమ్మా." ఈసారి ఫోన్ లాక్కునేవాళ్ళు లేరు. ఆమే పెట్టేసింది.

రెండు వారాలకి, టోర్నమెంట్ డాక్టరు ఇచ్చిన రిపోర్టు మీద విచారణ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. విచారణ రోజు పొద్దున అతను టీ పెట్టి తెచ్చాడు. పెళ్ళయ్యాక మొదటి టీ. మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"తొందరపడ్డానేమో, నాకూ భయం వేసింది. నీకు తెలుసుగా నేనంటే ఏమిటో. ఒక్కమాట సాయం చెయ్యి. ఎవరు నేర్పారని అడుగుతారు. గుర్తులేదని చెప్పు. నీ రిపోర్టులోనే ఉంది మరుపని. ఎవ్వరూ అనుమానించరు."

అతని కళ్ళలో నీళ్ళున్నాయి. అబద్ధపు నీళ్ళు కావవి. ఆమెకి అంతవరకు తెలుస్తోంది. ఆ కళ్ళకేసి చూస్తూ టీ అంతా తాగింది. తను పోగొట్టుకున్నవి అతనికి పనికొస్తాయన్నమాట. మూడు నిమిషాలు, పక్కింటావిడ పేరు, ఒక పొద్దున, వీటన్నిటినీ కూడా అడుగుతున్నాడు. కప్పు కిందపెట్టి, చెప్పులేసుకుని ఒక్కతే బయల్దేరింది.

విచారణ గదిలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యనున్నావిడ మంచినీళ్ళు ముందుకు జరిపి, మెత్తగా అడిగింది. "ఆ మాటలు మీకు ఎవరు నేర్పారు? మీ ఆరోగ్య పరిస్థితి మాకు తెలుసు. గుర్తులేకపోతే లేదనే చెప్పండి, ఫరవాలేదు."

"గుర్తుంది" అంది ఆమె. "మొదటినుంచీ చెప్తాను, రాసుకోండి."