రంజాన్ దాటిన ఒక్కపొద్దులు

నన్ను భయపెట్టే వస్తువు భూమ్మీద ఇంకా తయారుకాలేదు. కేన్సరే నన్ను చూసి దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది.

మార్టూరులో మేం పనిచేసే గ్రానైటు పాలిషింగ్ యూనిట్‌లో టీ తాగుతూ నేనీ మాట అంటే, కోటేష్‌గాడు గ్లాసు కింద పెట్టి మరీ చప్పట్లు కొట్టాడు. వాడి చప్పట్లు ఆగేలోపే నా కడుపులో ఏదో మెలిపడింది. యూనిట్ వెనక బాత్రూమ్‌కి పరిగెత్తాను. లేచి చూస్తే కింద ఎర్రగా ఉంది.

గోడ పట్టుకున్నాను. నేను వణికాను, గోడా వణికింది. అది గ్రానైటు ముక్కలతో కట్టిన గోడ, దానంతటది వణకదు.

మావైపు ఎరుపు చూసి ఎవరూ కంగారుపడరు. సీజన్లో రోడ్ల పక్కనంతా ఎండుమిరపకాయలే ఆరబోసి ఉంటాయి. నిన్న తిన్న పండుమిరప పచ్చడే ఇలా వచ్చిందనుకున్నాను. నిన్న నేను తిన్నది పెరుగన్నమని కాసేపటికి గుర్తొచ్చింది.

ఐదేళ్ళ కిందట, తొంభై ఏడులో, నా తుంటి ఎముకలో గడ్డ లేచింది. అప్పుడు నాకు పదిహేడు. గుంటూరులో మందులు ఎక్కించారు, తర్వాత కరెంటు పెట్టారు. కేన్సరు వచ్చినవాణ్ణి మెషిన్ కింద పడుకోబెట్టి చేసే వైద్యాన్ని మావైపు అందరూ కరెంటు పెట్టడమనే అంటారు. తీగలేవీ కనబడవు, షాకు కొట్టదు. అయినా మా అక్క షాజాదీ నాకెక్కడ షాకు తగులుతుందోనని రబ్బరు చెప్పులు కొనిపెట్టింది. నర్సులు వద్దంటున్నా వాటితోనే బల్లెక్కమనేది.

కరెంటు గురించి నాకు తెలిసింది ఒక్కటే. స్విచ్చి తీస్తే పోతుంది. నాకు స్విచ్చి తీసి ఐదేళ్ళయింది. కాబట్టి ఈ రక్తం దానివల్ల కాదు. గడ్డే తిరిగొచ్చింది. బాత్రూమ్‌లో నిలబడే ఈ తీర్మానం చేసేసి, మొహం కడుక్కుని, బయటికొచ్చి కోటేష్‌గాడి టీ కూడా నేనే తాగేశాను. చేతులు వణుకుతున్నాయని ఎవరికీ తెలియకూడదని రెండు గ్లాసులూ రెండు చేతులతో పట్టుకున్నాను.

ఇంట్లో చెప్పలేదు. అమ్మానాన్నా పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దగ్గర ఉంటారు. నేనుండేది మార్టూరులోనే, అక్క దగ్గర. ఆ కరెంటు రోజుల్లో నాకు అన్నం తినిపించింది అక్కే, వాంతులు ఎత్తిపోసింది అక్కే. మళ్ళీ వచ్చిందే అని ఆ మనిషికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

రక్తం ఎప్పుడో ఒకసారి పడేది. పరుగు మాత్రం రోజూ ఉండేది. నా కడుపు ముందుగా కబురు చెప్పడం మానేసింది. ఒక్కోరోజు నేను బాత్రూమ్‌కి పరిగెత్తిన దూరమంతా కలిపితే చీరాల వెళ్ళి రైలెక్కొచ్చు. మార్టూరు చుట్టుపక్కల తుమ్మచెట్లన్నీ నాకు పరిచయమయ్యాయి. కొన్ని నన్ను చూసి తలూపేవి కూడా. రాత్రి పడుకుంటే గడ్డ ఎంత పెరిగి ఉంటుందా అని చేత్తో తడుముకునేవాణ్ణి. చేతికి ఎముక తగిలినా గడ్డే అనుకుని ఊపిరి బిగపట్టేవాణ్ణి.

అంతలో రంజాన్ వచ్చింది.

తినకపోతే కడుపులో ఏమీ ఉండదు. ఏమీ లేకపోతే పరుగు తగ్గుతుంది. నా జన్మకి నేను కనిపెట్టిన శాస్త్రం ఇదొక్కటే. అంతకుముందు రంజాన్‌లలో నేను ఒక్కపొద్దులున్నది తక్కువ, చాటుగా బజ్జీలు తిన్నది ఎక్కువ. ఈసారి నెలంతా ఉన్నాను. పండగ వెళ్ళిపోయాక కూడా ఆపలేదు.

అక్క మురిసిపోయింది. తెల్లారకముందే లేచి నాకు సహరీ అన్నం వండి, మూతపెట్టి, మళ్ళీ పడుకునేది. పొద్దున్నే పంపు దగ్గర అందరికీ చెప్పేది.

"మా వలీ మారిపోయాడమ్మా. రంజాన్ వెళ్ళినా వీడి ఒక్కపొద్దులు వెళ్ళలేదు."

మసీదు దగ్గర పెద్దవాళ్ళు నన్ను చూపించి పిల్లల్ని తిట్టడం మొదలుపెట్టారు. ఇంకో రెండు నెలలు ఇలాగే సాగితే నా పేరు మీద ఉరుసు కూడా చేసేవాళ్ళు.

కోటేష్‌గాడొక్కడే నమ్మలేదు.

"ఏరా, ఒక్కపొద్దున్నోడివి మాటిమాటికీ బాత్రూమ్‌కెందుకురా?"

"నమాజుకి కాళ్ళూచేతులూ కడుక్కోవద్దా?"

"పొద్దున్నుంచి ఎన్ని నమాజుల్రా? మీ పేటంతటికీ నువ్వే చేస్తున్నావా?"

ఇక తప్పలేదు. రక్తం పడుతోందని చెప్పి, మొలలన్నాను. గడ్డ అనే మాట ఎత్తలేదు.

"ఓస్, మొలలా!" వాడు నా వీపు మీద చరిచాడు. "గోడల మీద ఎక్కడ చూసినా మొలల వైద్యుడి పేరే కదరా. మా బాబాయికి ఒక్క ఇంజక్షన్ వేశాడు, అంతే. కోత లేదు, కుట్టు లేదు. ఆదివారం పోదాం పద."

నేనూ మొలలే అయితే బాగుండనుకున్నాను. మొలలు రావాలని దేవుణ్ణి వేడుకున్న మొట్టమొదటి మనిషిని బహుశా నేనే.

ఆ వైద్యుడు నన్ను పక్కకి తిప్పి పడుకోమని, సూదిలోకి మందు లాగుతూ అడిగాడు. "ఇదివరకు ఆపరేషన్లేమైనా అయినయ్యా?"

"లేదండి."

అబద్ధం కాదు. నాకు ఆపరేషన్ కాలేదు, కరెంటే పెట్టారు. వెనక్కి తిరిగి ఆ సూది చూశాను. అది గేదెలకి వేసే సూది. ఆ గేదె కూడా బాగా బలిసిందై ఉండాలి. ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని, బయట పేపరు చదువుకుంటున్న కోటేష్‌ని దాటుకుని, బస్టాండు దాకా ఆగలేదు.

"ఏమన్నాడ్రా?" అన్నాడు వాడు రొప్పుతూ వచ్చి.

"ఇంత ఆరోగ్యవంతుణ్ణి ముట్టుకోనన్నాడ్రా."

ఫిబ్రవరిలో, రాయికి పాలిష్ పట్టిస్తూ నిలబడ్డవాణ్ణి నిలబడ్డట్టే పడిపోయాను. లేచేసరికి కోటేష్‌గాడు మా ఇంటికెళ్ళి, రక్తం పడుతున్న సంగతి అక్కకి చెప్పేశాడు. అక్క నన్ను తిట్టలేదు. అటక మీంచి నా పాత ఆస్పత్రి కాగితాలు దించింది.

మర్నాడు గుంటూరు బస్సులో నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. చిలకలూరిపేట దాటింది, వదల్లేదు. గుంటూరు పొలిమేరలో మిర్చి ఘాటుకి బస్సంతా తుమ్మింది. అక్క కళ్ళు తుడుచుకుని, ఘాటుకేలే అన్నట్టు నావైపు చూసింది.

నాకు కరెంటు పెట్టినచోటే ఇప్పుడు దేవకుమారి అనే డాక్టరుగారు ఉన్నారు. పాత కాగితాలన్నీ చదివి, కెమెరా గొట్టంతో లోపల చూడాలన్నారు. పక్కన టీవీలో నా పేగు కనబడుతోంది. నేనటు చూడలేదు. ఆవిడ మొహమే చూస్తూ పడుకున్నాను. ఆ మొహంలో ఏమీ లేదు. మంచీ లేదు, చెడూ లేదు. నా పళ్ళు టకటకా కొట్టుకుంటుంటే నర్సు చలేస్తోందా అని అడిగింది. అవునన్నాను. అక్కడ నర్సుతో సహా అందరికీ చెమటలు కారుతున్నాయి.

అక్కని లోపలికి పిలిచాక డాక్టరుగారు చెప్పారు.

"గడ్డ లేదు."

"ఇంకోసారి చెప్పండి మేడమ్," అంది అక్క.

"లేదమ్మా. ఇది అప్పుడు పెట్టిన కరెంటు వల్ల వచ్చింది."

"అది ఆపేసి ఐదేళ్ళయిందండి," అన్నాను.

"మీరంతా కరెంటు, కరెంటు అంటారు, స్విచ్చి తీస్తే అయిపోయిందనుకుంటారు. అవి కిరణాలయ్యా. గడ్డ మీద పడ్డప్పుడు పక్కనున్న పేగు మీదా పడతాయి. పేగులో సన్నటి రక్తనాళాలు మెల్లగా పూడిపోతూ వస్తాయి. వాటి బదులు కొత్తవి లేస్తాయి, అవి పల్చన. ఊరికే చిట్లుతాయి. ఐదేళ్ళకీ రావొచ్చు, పదేళ్ళకీ రావొచ్చు."

"తగ్గిపోద్దా మేడమ్?" అంది అక్క.

"రక్తం చాలావరకు ఆపొచ్చు. పరుగు తగ్గించొచ్చు. అచ్చం పాతలా అవుతుందని మాత్రం నేను చెప్పను. ఇంకోటి. మొలలనుకుని ఎవరిచేతా అక్కడ ఇంజక్షన్ వేయించొద్దు. పుండు పడితే మానదు. పేగుకి చిల్లు పడినా పడొచ్చు."

నేను కూర్చున్న స్టూలు కొంచెం వెనక్కి జరిగింది. దాని మీద నేను తప్ప ఎవరూ లేరు.

డాక్టరుగారు నా కనురెప్ప కిందికి లాగి చూశారు. "తెల్లగా పాలిపోయింది. ఎంత మందివ్వాలో తేల్చాలంటే నాకు సరిగ్గా చెప్పాలి. రోజుకెన్నిసార్లు వెళ్తున్నావు?"

"ఒకసారండి. ఒక్కోరోజు అదీ ఉండదు."

"మరి ఇంత చిక్కిపోయావేం? తిండి?"

అక్క అందుకుంది. గడ్డ లేదన్నారు కదా, గొంతు లేచింది. "ఒక్కపొద్దులుంటాడు మేడమ్. రంజాన్ అయిపోయినా వదల్లేదు. లోడు లారీ వచ్చే రోజు ఉంటాడు. అమ్మావాళ్ళ దగ్గరికి బస్సెక్కే రోజు ఉంటాడు. మొన్న మా చుట్టాలమ్మాయి నజ్మీన్ పెళ్ళికి అందరం వ్యానెక్కి దాచేపల్లి పోతే, ఆ రోజు కూడా..."

అక్క ఆగిపోయింది. డాక్టరుగారి పెన్ను కూడా ఆగింది.

"పొద్దున బస్సెక్కబోతున్నామంటే టీ కూడా వద్దన్నావు," అంది అక్క, నెమ్మదిగా నావైపు తిరిగి. "ఒక్కపొద్దన్నావు. రంజాన్ అయ్యాక ఇంట్లో ఉన్న రోజు ఒక్కటన్నా ఉన్నావంట్రా నువ్వు?"

ఏదో ఒకటి అని నవ్విద్దామని నోరు తెరిచాను. నిజమే బయటికొచ్చింది.

"అవి ఒక్కపొద్దులు కావక్కా. తింటే పరిగెత్తాలని తినలేదు."

"మరి నేను చీకటితో లేచి వండింది?"

"కుక్కకి పెట్టాను."

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను డాక్టరుగారికే చెప్పాను, అక్కని చూస్తూ చెప్పలేక. రక్తం రంజాన్ ముందు నుంచీ పడుతోందన్నాను. మొలల ఆయన దగ్గరికెళ్ళి సూది చూసి పారిపోయొచ్చానన్నాను. గడ్డే అనుకున్నానన్నాను. రోజూ పడుకునేముందు అదే అనుకుంటూ పడుకున్నానన్నాను.

"రోజుకెన్నిసార్లు?" అని మళ్ళీ అడిగారావిడ.

"పద్నాలుగండి."

"వీడు ఏదైనా పెంచి చెప్తాడు మేడమ్," అంది అక్క కొంగు చాటునుంచి. "వలీ, ఇక్కడైనా నిజం చెప్పరా."

"పెంచలేదక్కా," అన్నాను. "నువ్వున్నావని తగ్గించాను."