కీలు కింది ఖాళీ

కెర్తు లహ్దెన్‌పేరా రౌమా అనే రేవు పట్టణంలో, ఓడలకు డ్రాయింగులు గీసే ఆఫీసులో ముప్పైనాలుగేళ్లుగా ఇంజనీరు. ఏటా సెప్టెంబరు వచ్చిందంటే చదువు ముగించిన కొత్తవాళ్లు ఒకరో ఇద్దరో వచ్చి ఆమె ఎదురుగా కూర్చునేవాళ్లు. చిన్న చిన్న ఉక్కు పలకల లెక్కలు వాళ్లచేత కట్టించేది. తప్పులొస్తే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి, "మళ్లీ" అనేది.

మూడేళ్లుగా ఎవరూ రావడం లేదు. కొత్తవాళ్లు నెలంతా కుస్తీ పట్టే లెక్కను ఏఐ నాలుగు నిమిషాల్లో చేసి పెడుతోంది. వాళ్లకు ఇవ్వడానికి పనే మిగల్లేదని తీసుకోవడం మానేశారు.

ఏఐ మీద కెర్తుకు కోపం లేదు. అది గీసినవి చూస్తే ఆమెకు ముచ్చటేసేది కూడా. కానీ కాఫీ వేళ ఆఫీసు మరీ నిశ్శబ్దంగా ఉండేది. ఎవరైనా వచ్చి ఓ పిచ్చి ప్రశ్న అడిగితే బాగుండునని ప్రాణం కొట్టుకునేది. ఆఖరున వచ్చిన ఈదా రౌతియో అయితే రోజుకు నలభై ప్రశ్నలు అడిగేది. ఏడాది గడువు తీరాక ఆ అమ్మాయిని మళ్లీ తీసుకోలేదు. దగ్గరి ఊరు లైతిలాలో టమాటా తోటలో పనికి కుదిరిందని తెలిసింది.

ఆ మార్చిలో దీవులకు కార్లు దాటించే ఓ పంటు పని వచ్చింది. రేవు మీదికి వాలే ర్యాంపు డ్రాయింగు ఏఐ గీసింది. లెక్కలన్నీ సరిపోయాయి. అయినా కీలు కింది పలక దగ్గర కెర్తు చూపు ఆగిపోయింది. ఏదో సరిగా లేదు. ఏమిటో మాత్రం నోటికి అందడం లేదు.

"పలక ఇంకా మందంగా ఉండాలి, యోనీ," అంది పెద్ద ఇంజనీరుతో.

"ఎందుకో ఒక్క ముక్క చెప్పు, ఇప్పుడే ఆపేస్తా."

"అదే తెలీడం లేదు."

"మరి పంటు వాళ్లకేం రాయమంటావ్? మా కెర్తుకి మనసొప్పలేదనా?" యోనీ నవ్వాడు గానీ వెటకారంగా కాదు. "సరే, సోమవారం దాకా ఆపుతా."

శనివారం ఆమె డ్రాయింగు చుట్ట చంకన పెట్టుకుని లైతిలా బస్సెక్కింది.

అద్దాల కప్పు కింది తోటలో ఈదా మోచేతుల దాకా ఆకుపసరుతో ఎదురొచ్చింది.

"టమాటాలకొచ్చారా, కెర్తూ?"

"నీకోసమే వచ్చాను. చేతులు కడుక్కో."

పెట్టెలు సర్దే బల్ల మీద కాగితం పరిచారు. ఈదా కాఫీ, యాలకుల రొట్టె తెచ్చి పెట్టి, కాగితం మీదికి వంగింది. మునుపటిలాగే ప్రశ్నలు మొదలుపెట్టింది.

"ఈ పలకే ఎందుకు? పక్కది ఎందుకు కాదు?"

"ఇక్కడే వంగుతుంది."

"ఎందుకు వంగుతుంది? బరువు పైనుంచి కదా?"

"పైనుంచి కాదు, పక్కనుంచి."

"పక్కనుంచి ఏముంటుంది?"

కెర్తుకు అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన తొలి జనవరిలో, ఆమెకు పని నేర్పిన ముసలి ఆవులిస్ ఆమెను దీవుల్లోని నౌవో రేవుకు తీసుకెళ్లి, కాళ్లు కొంకర్లు పోయేదాకా నిలబెట్టి, "చూస్తూ ఉండు" అన్నాడు. ర్యాంపు వాలినప్పుడల్లా మంచుగడ్డలు కీలు సందులో ఇరుక్కుని పలకను పక్కకు తోసేవి.

"మంచు," అంది మెల్లగా. "నేను చూశాను. చూశానన్న సంగతే మర్చిపోయాను."

ఈదా పెన్సిలు అందుకుంది. రెండు గంటలు లెక్కలు కట్టింది, కొట్టేసింది, మళ్లీ కట్టింది.

"మీరు చెప్పింది తప్పు," అంది చివరికి. "పలక మందం చేస్తే సందు ఇంకా ఇరుకవుతుంది. మంచు మరీ బిగుసుకుంటుంది. కీలు కింద ఖాళీ పెంచాలి. గడ్డ జారిపోతుంది."

కెర్తు ఆ అంకెలు రెండుసార్లు చూసింది. ఒక చిన్న పిల్ల తన తప్పు పట్టుకుని ఎన్నాళ్లయిందో.

"ఈదా, తిరిగి రాకూడదూ?"

"ఏం పనికి? ఏఐ చేసినదానికి కింద సంతకం పెట్టడానికా?" ఈదా పెన్సిలును వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయింది. "నేను గీసిన పలక ఒకే ఒక్కటి ఓ ఓడలో ఉంది. అరచేతంత ఉంటుంది. ఆ ఓడ రేవుకొచ్చినప్పుడు ఆదివారాలు వెళ్లి చూసొస్తుంటా. లోపలెక్కడో ఉంటుంది, కనపడదు. అయినా వెళ్తా."

కెర్తు రొట్టెలో సగం తుంచి ఆమె ముందు పెట్టింది.

సోమవారం యోనీ ఒప్పుకున్నాడు. మంచు సంగతి చెప్పగానే ఏఐ కీలు కింద ఖాళీ పెంచి మళ్లీ గీసింది. ఎవరు కనిపెట్టారో కెర్తు దాచలేదు. ఆ పిల్లను తీసుకోమని పైవాళ్లను మూడుసార్లు అడిగింది. డ్రాయింగు అంచున ఈదా పేరు వేయడానికి ఒప్పుకున్నారు గానీ, కొలువు మాత్రం వచ్చే ఏడు చూద్దామన్నారు. ఆ ఏడు రాకముందే, వేసవిలో కెర్తు ఉద్యోగ విరమణ చేసింది.

పంటు మరుసటి జనవరిలో నీళ్లలోకి దిగింది. కెర్తు ఫోన్ చేస్తే ఈదా సెలవు పెట్టి వచ్చింది. ఇద్దరూ కాలినడకనే ఎక్కి అవతలి దీవికి దాటారు. ర్యాంపు వాలినప్పుడు మంచు పటపటా విరిగి కిందికి జారిపోయింది. ఈదా కమ్మీల మీంచి వంగి చూస్తూ, చేతితొడుగు తీసేసి చలిలోనే ఉక్కును తాకింది.

తిరిగి వచ్చేసరికి లైతిలా వెళ్లే ఆఖరి బస్సు అందుకోవడానికి సరిగ్గా సమయం ఉంది. పంటు మళ్లీ కార్లు ఎక్కించుకుంటోంది.

"ఇంకోసారి వెళ్లొద్దామా?" అంది ఈదా, దాని వంకే చూస్తూ.

"నీ బస్సో?"

"పోతే పోనివ్వండి."

ఆమె అప్పటికే ర్యాంపు మీద నడుస్తోంది. కెర్తు టోపీ చెవుల మీదికి లాక్కుని వెనకే వెళ్లింది.